ఆరు జాకెట్ ముక్కలు, ఎనభై మీటర్ల కుట్టు

మా దిక్కు ఏ ఇంట్లో బీరువా తెరిచినా పట్టుచీరెల కింది అరలో జాకెట్ ముక్కల దొంతర ఒకటి కనబడుతుంది. జనగామలో గృహప్రవేశానికి పోతే పెట్టినవి, మానుకోటలో ఒడిబియ్యం పోసినప్పుడు ఒళ్లో పడ్డవి, భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనుల క్వార్టర్లలో పేరంటానికి పిలిచి బొట్టుపెట్టి ఇచ్చినవి. కుడుకలు, పోకలు, తమలపాకుల మధ్య పెట్టి ఇచ్చిన గుడ్డ కాబట్టి ఏదో ఒక మూలకు పసుపు అంటి ఉంటుంది. దాన్ని కుట్టించుకునేవాళ్లు ఇప్పుడు తక్కువ. ఇంకో ఇంటికి పోయేటప్పుడు ఆ దొంతరలోంచే ఒకటి తీసి సంచిలో వేసుకుంటారు. అట్లా ఒకే ముక్క నాలుగు ఇండ్లు తిరిగి, మడతల మీద రంగు వెలిసి, చివరికి ఎవరి బీరువాలోనో ఆగిపోతుంది.

ఒకప్పుడు దాని అవసరం వేరు. చీరెతోపాటు జాకెట్ గుడ్డ వచ్చేది కాదు. ఆడబిడ్డకు చీరె పెట్టి రైకముక్క పెట్టకపోతే ఆ చీరె కట్టుకునే దారి ఉండేది కాదు. టూ బై టూ రూబియా ముక్క చేతికొస్తే దర్జీ దగ్గరికి పోయేది. ఇప్పుడు చాలా చీరెలకు చివర జాకెట్ గుడ్డ కలిపే నేస్తున్నారు. అవసరం తీరింది, ఆచారం మిగిలింది. ఆ ఆచారం పోవాలని నేను కోరుకోను. ఇంటికొచ్చిన ఆడమనిషిని ఉత్త చేతులతో పంపొద్దన్న మనసు అందులో ఉంది. కానీ మంచి గుడ్డ ఏండ్ల తరబడి మడతలో ఉండి, మడత దగ్గరే చిరుగుతుంటే చూస్తూ ఊరుకోలేను.

ఆ ముక్కలతో బొంత కుట్టండి. అదీ చిన్నచిన్నగా కత్తిరించి కాదు, పెద్ద చదరాలుగా.

బొంతంటే మా ఇండ్లలో ఎవరూ ప్రత్యేకంగా గుడ్డ కొని కుట్టింది కాదు. కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరెలు రెండు మూడు పొరలుగా పరిచి, పైన కొంచెం గట్టిగా ఉన్న చీరె వేసి, దగ్గర దగ్గరగా టాకాలు వేసుకుంటూ పోవడమే. పై చీరె చిరిగిన చోట అతుకు పడేది. అతుకులు ఎక్కువైతే మొత్తం బొంత మీద ఇంకో చీరె తొడిగేవాళ్లు. పిండితే నీళ్లు కారని బరువు వచ్చేదాకా అట్లా పొర మీద పొర పెరిగేది. అందులో ముక్కల అమరిక అనేది ముందే అనుకున్నది కాదు, చిరుగు ఎక్కడ పడితే అక్కడ పడేది. జాకెట్ ముక్కల బొంతలో మాత్రం పైపొర మనం అనుకుని పెట్టుకునేది. తేడా అంతే. లోపలి పొరలు, కుట్టు, నేల మీద కూర్చునే తీరు అంతా పాతదే.

అమెరికాలో బొంతలు కుట్టేవాళ్ల కోసం గుడ్డల కంపెనీలు పది అంగుళాల చదరాలు ముందే కోసి, 42 ఒక కట్టగా అమ్ముతాయి. కొనుక్కొచ్చి నేరుగా మిషన్ మీద కూర్చోవచ్చు. మనకు ఆ కట్ట కొననవసరం లేదు, చుట్టాలు ఇచ్చి పెట్టారు. మన ముక్క ఎనభై సెంటీమీటర్ల పొడవు, దాదాపు 36 అంగుళాల పన్నా ఉంటుంది. ఉతికితే ఒక అంగుళం దాకా గుంజుకుంటుంది. అప్పుడు కూడా దాంట్లోంచి పదిహేను అంగుళాల చదరాలు నాలుగు సుఖంగా వస్తాయి. పన్నాలో మిగిలిన ఐదు అంగుళాల పట్టీ అంచుకు పనికొస్తుంది. ఆరు ముక్కలుంటే ఇరవై నాలుగు చదరాలు. అడ్డం నాలుగు, నిలువు ఆరు పేరిస్తే, కుట్లలో పోయేది పోగా యాభై ఆరు అంగుళాల వెడల్పు, ఏడడుగుల పొడవు. ఒక మనిషి తల నుంచి కాళ్ల దాకా కప్పుకుని ఇంకా పక్కకు మడుచుకోవచ్చు.

ముందు గుడ్డ తెలుసుకోవాలి. దొంతరలో అన్నీ నూలువి కావు. మూల నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్ల చూపిస్తే తెలిసిపోతుంది. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, వేలితో రుద్దితే రాలిపోతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని నల్లటి గట్టి పూస అవుతుంది. రెండూ కలిపి నేసినవి కాలుతూనే చివర్న కొంచెం గట్టిపడతాయి. అవి కూడా పనికొస్తాయి. ఉత్త పాలిస్టర్ మాత్రం పక్కకు పెట్టండి. చెమట పీల్చదు, సూది కింద జారుతుంది, పక్కనున్న నూలు ముక్క గుంజుకున్నప్పుడు తను గుంజుకోక బుడిపెలు తేలుతుంది. 2017 నుంచి ఇచ్చిన బతుకమ్మ చీరెలు సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి, చాలామట్టుకు పాలిస్టర్‌వి. వాటిని బొంత లోపల పెడదామని చాలామంది అడుగుతారు. వద్దనే చెప్తాను. పందులు రాకుండా మక్కచేను చుట్టూ కడుతున్నారు చూడండి, ఆ పనికి అవి బాగుంటాయి. ఎండకు వానకు తట్టుకునే గుణమే ఒంటి మీద కప్పుకోవడానికి అడ్డమవుతుంది.

నాకు అన్నిట్లోకి ఇష్టం పాత టూ బై టూ. పడుగులో, పేకలో రెండు పోగులు కలిపి పేనిన నూలు వాడతారు కాబట్టి పలచగా కనిపించినా గట్టిది. కొత్త ముక్కకు గంజి, మెరుపు ఎక్కించి ఉంటారు. ఒక రాత్రి నీళ్లలో నానేసి తెల్లారి పిండితే అసలు గుడ్డ బయటికొస్తుంది. ఎర్రవీ ముదురాకుపచ్చవీ విడివిడిగా నానేయాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చాలి. బొంత అయిపోయాక మొదటి ఉతుకులో ఎర్రరంగు దిగి పక్క చదరంలోకి పాకితే దాన్ని మళ్లీ తీయలేం.

ఆరినాక ఇస్త్రీ చేసి కత్తెర పట్టుకోకండి, చింపండి. బట్టల దుకాణంలో చూసే ఉంటారు, అంచుకు చిన్న గాటు పెట్టి చర్రున లాగుతారు. అట్లా చింపితే గుడ్డ పోగు వెంట పోతుంది, గీత గీసిన దానికంటే నేరుగా వస్తుంది. నాలుగు వైపులా పోగు వెంట చింపిన చదరం ఏ అంచు వెంట లాగినా పెద్దగా సాగదు. ఐమూలగా కోసిన చిన్న ముక్క అయితే కుడుతుండగానే సాగి, ఉతికినాక ఒక పక్కకు ఒరుగుతుంది. పెద్ద చదరాలకు నేను పట్టుబట్టే కారణాల్లో మొదటిది ఇదే.

రెండోది లెక్కతో చెప్తాను. ఇదే కొలత బొంతను ఐదంగుళాల ముక్కలతో కుట్టామనుకోండి. చుట్టూ అరంగుళం కుట్లలోకి పోతే పైకి కనిపించేది నాలుగంగుళాలు. అప్పుడు 294 ముక్కలు కావాలి. గుడ్డలో మూడో వంతుకు పైగా కుట్లలోనే పోతుంది. పదిహేను అంగుళాల చదరాల్లో పోయేది ఎనిమిదో వంతు. చిన్న ముక్కలను ఒకదానికొకటి కలపడానికి 56 మీటర్ల కుట్టు పడుతుంది. పెద్దవాటికి పదమూడున్నర మీటర్లు చాలు. నలభై రెండు మీటర్ల కుట్టు తేడా. ఆ శ్రమను ముక్కలు కలపడంలో పెట్టాలా, పొరలు కలపడంలో పెట్టాలా? పొరలు కలపడంలోనే అంటాను. చిన్నముక్కల బొంత చూడటానికి కనువిందు, కాదనను. కానీ ఓపికంతా పైపొర మీదే ఖర్చయిపోయి, అసలు కుట్టు దగ్గరికొచ్చేసరికి జానెడు జానెడు ఎడం పెట్టి ముగించిన బొంతలు ఎన్నో చూశాను. రెండు ఉతుకులకు లోపలి చీరెలు ఉండలు కట్టి ఒక మూలకు చేరతాయి.

రంగుల సంగతి. పెట్టుడు గుడ్డల్లో నల్లది ఉండదు, తెల్లది అరుదు. ఎరుపు, పసుపు, చిలకాకుపచ్చ, వంకాయరంగు, గులాబీ, నెమలి నీలం, ఇవే మళ్లీ మళ్లీ వస్తాయి. అంటే మన బొంత రంగులను శుభకార్యాలే ఎంచిపెట్టాయి. ఆరు ముక్కలు ఆరు రంగులైతే ఒక్కో రంగుకు నాలుగు చదరాలు. వరుస వరుసకు రంగులను జరుపుకుంటూ పోతే ఒకే రంగు రెండు పక్కపక్కన పడవు. ఎక్కువ ఆలోచించకుండా నేల మీద పరిచి, కుర్చీ మీద నిలబడి చూసి, కంటికి గుచ్చుకున్నది మార్చుకుంటే సరిపోతుంది. పసుపంటిన మూలలు ఎన్ని ఉతుకులకూ పూర్తిగా పోవు. వాటిని నేను కోసి పారేయను, పైకే కనబడేటట్టు పెడతాను.

నాలుగు మూలలు కలిసే చోటు చెయ్యి తెలిసిన మనిషిని పట్టిస్తుంది. ఒక వరుస కుట్టినాక కుట్ల మడతలన్నీ ఎడమకు వంచి ఇస్త్రీ చేయాలి, కింది వరుసవి కుడికి వంచాలి. రెండు వరుసలు ఎదురెదురుగా పెట్టినప్పుడు ఆ మడతలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగిపోతాయి. బొటనవేలితో తడిమితే ఎత్తుపల్లాలు లేకుండా తగులుతుంది. అక్కడ గుండుసూది గుచ్చి కుడితే నాలుగు మూలలూ ఒక్క చుక్క దగ్గర కలుస్తాయి. ఇరవై నాలుగు చదరాల్లో అట్లాంటి చోట్లు పదిహేనే. అన్నిటినీ శ్రద్ధగా చేయొచ్చు.

ఇక నేల. బొంత పరిచే గది ఊడ్చి, తడిబట్టతో తుడిచి, అడుగు పొర పరుస్తారు. మా పెద్దత్త భూపాలపల్లిలో ఉండేది. ఆమె అడుగుకు మా మామ పాత డ్యూటీ బట్టలు విప్పి కలిపిన గుడ్డ వేసేది. బొగ్గు మరకలు ఎంత ఉతికినా పోవు, అందుకే అవి కిందికే. వాటి మీద రెండు నూలు చీరెలు, ఆ పైన చదరాల పొర. నాలుగు మూలలకు రాళ్లు పెట్టి, జానెడేసి పొడుగు టాకాలతో అడ్డం నిలువు కట్టేసేది. “ఇది సక్కగుంటె కుట్టు తప్పుదారి పట్టది” అనేది.

కుట్టు అంచు వెంట మొదలై చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తుంది. చట్రానికి బిగించి కుట్టేవాళ్లు నడిమధ్య నుంచి బయటికి పోతారు, ముడత ఏదన్నా ఉంటే అంచుకు తోసేయొచ్చని. నేల మీద కుట్టేవాళ్లకు చట్రం ఉండదు. బొంత మీదనే కూర్చుని, తన బరువుతోనే గుడ్డను బిగబట్టి, ఎదురుగా ఉన్న అంచు కుడుతూ జరుగుతారు. ముడత నడిమికి రాకుండా కాపాడేవి ఆ పొడుగు టాకాలే. ఉత్తర కన్నడలో సిద్దీ ఆడవాళ్లు కూడా అంచు నుంచే లోపలికి కుడతారు. వాళ్లు ముక్కలు ముందే కలిపి పెట్టుకోరు, కుడుతూ కుడుతూనే ఒక్కో ముక్క పక్కన ఇంకొకటి పేరుస్తారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ త్రికోణాలు పెడితే గాని వాళ్ల బొంత పూర్తికాదు. ఆ బొంతను కవంది అంటారు. ఆఫ్రికా నుంచి వందల ఏండ్ల కిందట వచ్చిన వాళ్ల వారసుల చేతిలోనూ, మా పెద్దత్త చేతిలోనూ సూది ఒకే దారిన నడవడం నాకు గొప్ప సంతోషాన్నిచ్చే విషయం.

పని బట్టల బొంత అంటే అమెరికాలోని అలబామా రాష్ట్రం గుర్తుకు రాక తప్పదు. అక్కడ నది వంపులో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసలుగా పత్తి చేలల్లో పనిచేసినవాళ్ల వారసులు అక్కడి నల్లజాతి ఆడవాళ్లు. చిరిగిన ప్యాంట్లు, అంగీలు పెద్ద పెద్ద పట్టీలుగా, చదరాలుగా కలిపి చలికి బొంతలు కుట్టుకున్నారు. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆమె చనిపోయిన భర్త పొలం బట్టలన్నీ తీసి బొంతగా కుట్టింది. మోకాళ్ల దగ్గర వెలిసిన రంగు, జేబు ఊడదీసిన చోట మిగిలిన ముదురు మచ్చ ఆ ఊరి బొంతల్లో అట్లాగే కనబడతాయి. 2002లో ఆ బొంతలు హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడకెక్కాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటితో పది స్టాంపులు వేసింది. గుడ్డ ముక్క పెద్దది కాబట్టే అవన్నీ చూడగలుగుతున్నాం. రెండంగుళాలకు కోసి ఉంటే ఆ మోకాలి మచ్చ ఎక్కడిదో ఎవరికీ తెలిసేది కాదు. మా మామ డ్యూటీ బట్టలు మాత్రం ఎప్పుడూ కిందనే ఉండిపోయాయి. ఇప్పుడు కుట్టేటప్పుడు అటువంటి గుడ్డ దొరికితే నేను పైకే పెడతాను.

మానుకోట జిల్లాలో తండాల వైపు పోతే మాట మారుతుంది. జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులున్న జిల్లా అది, అందులో లంబాడీలే ఎక్కువ. ఫేటియా (లంగా) నడుము పట్టీ మీద, కాంచళి (రైక) ఎదురు మీద వేలెడు గుడ్డముక్కలు, అద్దాలు, గవ్వలు, వాటి చుట్టూ ఖాళీ లేకుండా కుట్టు. కురవి దగ్గర ఒక పెద్దామెకు నా చదరాల బొంత చూపించాను. మడత విప్పి, తిరగేసి, వెనక కుట్టు చూసింది. “గింత పెద్ద గుడ్డ ఖాళీ ఇడిసినవేంది బిడ్డా” అంది. “ఖాళీ కాదు యాడీ, కుట్టున్నది సూడు” అన్నాను. వేలితో గీతల వెంట పోయి, “కుట్టు మంచిగున్నది. అద్దం లేదు” అంది. ఆమె మాట ఆమె పనికి సరైనది. నడుము పట్టీ జానెడు వెడల్పు ఉంటుంది, కుట్టు దట్టంగా ఉంటుంది కాబట్టి చిన్న ముక్క ఎటూ పోదు, అద్దాన్నీ పట్టి ఉంచుతుంది. ఏడడుగుల బొంత మీద అంత దట్టమైన కుట్టు వేస్తే అది కప్పుకోవడానికి వంగదు. అయినా ఆమె చెప్పినాక నడిమి రెండు చదరాల్లో అద్దాలు కుట్టమని ఆమెనే అడిగాను. కుట్టింది. అవి ఉన్న చోట చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది, పిల్లలకు అదే ఆట.

కుట్టు వరుసకు వరుసకు రెండు వేళ్ల ఎడం ఉండాలి, అంటే ఒకటిన్నర అంగుళం. ఆ లెక్కన మన బొంత నిండా తిరిగే కుట్టు దాదాపు ఎనభై మీటర్లు. అంగుళానికి నాలుగు టాకాలు పడితే పన్నెండున్నర వేల టాకాలు. మిషన్ దారం రెండు పేటలు చేసి మైనం రాసి, మామూలు సూది కంటే లావుది తీసుకుని నాలుగు పొరల్లోంచి దింపి లేపాలి. చెయ్యి తిరిగిన మనిషి గంటకు నాలుగైదు మీటర్లు కుడుతుంది. రోజుకు ఆరు గంటలు కూర్చుంటే మూడు రోజుల పని. కడగడం, చింపడం, కలపడం, పరచడం కలిపి ఇంకో రోజు.

ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, బొంత కుట్టేవాళ్లకు మనం ఇచ్చే కూలి నన్ను బాధపెడుతుంది. బేరమాడేవాళ్లు గుడ్డ వంక చూస్తారు. “గుడ్డ మాదే, చీరెలు మావే, ఉత్త కుట్టుడే గదా” అంటారు. ఆ ఉత్త కుట్టుడే బొంత. గుడ్డ దొంతరలో పదేండ్లు పడి ఉన్నప్పుడు అది ఎవరికీ వెచ్చదనం ఇవ్వలేదు. పత్తి ఏరబోతే వచ్చే కూలితో పోల్చినా నాలుగు రోజుల కూలి తగ్గకుండా ఇవ్వాలి. అందులో చేతి నైపుణ్యం కలపలేదు. నడుం వంచి కూర్చున్నందుకు కంటికి, వెన్నుకు పడే భారం కలపలేదు.

జనగామ దగ్గర పల్లెలో నాకు బొంతలు కుట్టే చెల్లె ఒకామె ఉంది. పత్తి చేలల్లో పనిలేని రోజుల్లో కుడుతుంది. పోయినసారి ఆరు ముక్కలు, రెండు చీరెలు పట్టుకుని పోయినప్పుడు రేటు మీటరు లెక్కన పెట్టుకుందామని చెప్పాను. ఆమెకు మొదట వింతగా అనిపించింది. టేపు తెచ్చి, సగం అయిన బొంత మీద ఒక చుట్టు కొలిచి, చుట్లు ఎన్నో లెక్కపెట్టి చూపించాను. కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. నోటుబుక్కు తన వైపు తిప్పుకుని చూసి అంది:

“ఎనభై సరే అక్కా. అంచు ఏడు మీటర్లు ఏరే రాయి. అది మడిచి కుట్టేది, ఎంబడే పోదు. దానికి మీటరుకు డబల్ పడతది.”

రాశాను. ముక్కలు కలిపే పదమూడున్నర మీటర్లు మిషన్ మీద కుడుతుంది కాబట్టి దానికి సగం రేటు చాలన్నది ఆమే. మూడు వరుసలూ కూడి కింద గీత గీసి మొత్తం వేసి, అడ్వాన్సు చేతిలో పెట్టి వచ్చాను.